సరకుమీది బొమ్మ

పచారీ కొట్టులో బల్లకు ఆవల అమ్మువాడును, ఈవల కొనువాడును నిలిచి మాటాడుకొన్నంతకాలము సరకునకు ముఖముతో అంతగా పనిలేకపోయెను. పిండియైనను, చక్కెరయైనను, బిస్కత్తులైనను పీపాలనుండి తీసి, తూచి, పొట్లము కట్టి యిచ్చుచుండగా, కొనువాని నమ్మకము దుకాణదారుని మాటమీదనే గాని పొట్లముమీద లేదు. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమునందు క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ అను పేర నొక దుకాణము తెరచి, ఆ అడ్డుబల్లను తొలగించి, కొనువారే లోనికి వచ్చి అరలవెంట నడచుచు కావలసినవి తామే తీసికొనునట్లు ఏర్పాటు చేసెను. క్రమముగా ఆ పద్ధతియే దేశమంతటను వ్యాపించెను. అమ్మువాని నోరు చేసిన పనిని అది మొదలు డబ్బామీది కాగితము చేయవలసి వచ్చెను. అరలో ప్రక్కప్రక్కన నిలిచిన డబ్బాలలో ఏది దూరమునుండియే కంటికి ఆనునో అది అమ్ముడుపోవును, తక్కినవి దుమ్ముపట్టియుండును. కావున కర్మాగారములవారు చిత్రకారులను వెదకికొనిరి. అక్షరముల వంపు, ఎఱుపు ప్రక్క తెలుపు, పండుమీద మెఱయు నీటిబొట్టు, ఇవి యెందఱో జీతగాండ్రకు జీవనోపాధి యయ్యెను. అమెరికా గృహిణి దినదినమును చూచిన చిత్రములలో అధికభాగము వీరు గీచినవే. వాని క్రింద గీచినవాని పేరు మాత్రము లేదు.

పాప్ ఆర్ట్ అను నవీనచిత్రకళోద్యమమును గూర్చి వ్రాయువారు, అది సూపు డబ్బాలను, సినిమాతారలను ప్రదర్శనశాలలలోనికి తెచ్చినదనియు, వినియోగవస్తువులతో నిండిన నాగరకతకు అద్దము పట్టినదనియు చెప్పి ముగింతురు. ఆ మాట సత్యమే గాని పూర్ణసత్యము కాదు. అద్దము ముందు నిలిచినది ఉత్త సరకు కాదు. అంతకుమున్నే యొకడు దానికి రంగులు దిద్ది, అక్షరములు తీర్చి, పరుల చూపునకు సిద్ధము చేసియుండెను. తార విషయమును అంతియే. స్టూడియోవారి దీపములు, అలంకర్తలు, ఛాయాగ్రాహకులు కలిసి నిర్మించిన ముఖమే చిత్రకారునికి అందినది. ఆ మొదటి చేతిని మఱచి పాప్ ఆర్ట్ చరిత్ర వ్రాయుట, మూలగ్రంథకర్త పేరెత్తక వ్యాఖ్యానమును శ్లాఘించుటవంటి దని నా యభిప్రాయము.

సుప్రసిద్ధమైన సూపు డబ్బానే తీసికొందము. న్యూజెర్సీ రాష్ట్రమున కామ్‌డెన్ పట్టణములోని కాంప్‌బెల్ సంస్థలో 1897లో జాన్ డోరెన్స్ అను యువరసాయనజ్ఞుడు సూపులోని నీటిని చాలవఱకు తీసివేసి, చిక్కబఱచి, డబ్బాలలో నింపు విధానమును కనిపెట్టెను. నీరు తగ్గుటచే డబ్బా చిన్నదయ్యెను. బరువు తగ్గుటచే రవాణాఖర్చు తగ్గెను. పది సెంట్లకే డబ్బా అమ్ముట సాధ్యమయ్యెను. మరుసటి సంవత్సరమున, కార్నెల్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాండ్రు తొడిగిన ఎఱుపు తెలుపుల దుస్తులను చూచి ముచ్చటపడిన ఉద్యోగి యొకడు ఆ రంగులనే డబ్బాకు సూచించెనని ప్రతీతి. 1900లో పారిస్ అంతర్జాతీయప్రదర్శనమున ఆ సూపునకు లభించిన స్వర్ణపతకము బొమ్మరూపమున డబ్బా నడుమకు వచ్చెను. పైసగము ఎఱుపు, క్రిందిసగము తెలుపు, నడుమ పసిడిబిళ్ల, చేతివ్రాతవలె వంపులు తిరిగిన పేరు. ఈ కూర్పు అటుపై అర్ధశతాబ్దికి పైగా ఇంచుమించు మాఱకుండుటయే దాని బలము. తాత కొన్న డబ్బాను మనుమడు అరలో చూచి గుర్తుపట్టగలిగెను.

ఇట్టి బొమ్మలలోని శక్తిని చిత్రకళాదృష్టితో ముందుగా గుర్తించినవారిలో లండను నగరపు యువకులు కొందఱు కలరు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసి తొమ్మిదేండ్లయినను, 1954 వఱకు ఇంగ్లండులో ఆహారపు రేషను పూర్తిగా తొలగలేదు. మాంసమునకును, వెన్నకును రేషను పుస్తకములు పట్టుకొని బారులుతీరిన ఆ దేశమున అమెరికా పత్రికలలోని రంగుల ప్రకటనలు నమ్మరాని సమృద్ధిని చూపుచుండెను. ఎడ్వర్డో పావొలోజీ 1947లోనే అట్టి కాగితపు ముక్కలు కత్తిరించి, కోకాకోలా సీసాను, పత్రికాసుందరిని ఒక అట్టపై చేర్చి అతికించెను. 1956 ఆగస్టులో వైట్‌చాపెల్ గ్యాలరీలో జరిగిన ప్రదర్శనమునకై రిచర్డ్ హామిల్టన్ కూర్చిన చిన్న కత్తిరింపుచిత్రమున టెలివిజను, డబ్బామాంసము, ఫోర్డు మోటారు చిహ్నము, కండలు తిరిగిన వస్తాదు ఒకే గదిలో కాపురమున్నవి. అది కొనలేనివారు దూరమునుండి చూచిన చూపు. న్యూయార్కులో పుట్టిన పాప్ ఆర్ట్ వేఱు. ఆ ప్రకటనలను స్వయముగా గీచి పొట్టపోసికొన్నవారు దానిని పుట్టించిరి.

వారిలో మొదట చెప్పవలసినవాడు ఆండీ వార్‌హాల్. నేటి స్లొవేకియా దేశపు కొండపల్లెనుండి వలసవచ్చిన పేదదంపతులకు 1928లో పిట్స్‌బర్గున జన్మించి, కార్నెగీ సాంకేతికవిద్యాలయమున చిత్రలేఖనము నేర్చి, 1949లో చదువు ముగియగనే న్యూయార్కు చేరి, పత్రికలకు బొమ్మలు గీయ మొదలిడెను. తరువాతి పది పండ్రెండేండ్లును అతడు కేవలము పొట్టకూటికి చేసిన పని యని చరిత్రకారులు రెండు వాక్యములలో దాటివేయుదురు. నేను దానికి సమ్మతింపను. అతని కళలోని కీలకమంతయు ఆ యేండ్లలోనే యున్నది. సిరాను పీల్చుకొనని నునుపుకాగితముపై సన్నని రేఖతో బొమ్మ గీచి, సిరా ఆఱకముందే దానిపై మఱియొక కాగితము నద్ది, రెండవదానిపై దిగిన మరకల రేఖనే పత్రికకు ఇచ్చుట అతని పద్ధతి. ఆ రేఖ అక్కడక్కడ తెగియు, కొన్నిచోట్ల చుక్కలై ఉబ్బియు, చేతిపనికిని అచ్చుపనికిని నడుమ నిలిచినట్లుండును. మొదట గీచినది ప్రక్కకు పోవును. దాని ప్రతియే అసలుగా చెలామణి యగును. ఒకే గీతనుండి రెండు మూడు ప్రతులు తీసి, వేర్వేఱు రంగులు వేసి, పత్రికవారికి కోరుకొను వీలు కల్పింపవచ్చును. 1955 మొదలుకొని న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఐ. మిల్లర్ చెప్పుల దుకాణమునకై అతడు గీచిన ప్రకటనలు నగరమంతట పేరుపొందినవి. చెప్పు ఉత్త చెప్పుగా కాక యొక వ్యక్తిగా ఆ బొమ్మలలో కనబడును. వాని ప్రక్క వంకరటింకర అక్షరములు కావలసినపుడు తల్లి జూలియా చేతివ్రాతను వాడుకొనెను. ప్రతి, పునరుక్తి, పరుల చేతిసాయము: తరువాత లోకమును కలవరపెట్టినవి యన్నియు ఆ చెప్పుల బొమ్మలలోనే సిద్ధముగా నుండెను.

1962 జూలై 9న లాస్ ఏంజిలిస్ నగరములోని ఫెరస్ గ్యాలరీలో అతని సూపు డబ్బాల ప్రదర్శనము మొదలయ్యెను. నాడు కాంప్‌బెల్ సంస్థ అమ్ముచున్న సూపులు 32 రకములు, చిత్రములును 32. ఒక్కొక్కటి 20 అంగుళముల యెత్తు, 16 అంగుళముల వెడల్పు. అన్నిటను అదే డబ్బా, అదే ఎఱుపు, అదే తెలుపు. మాఱినది రకము పేరు మాత్రమే. యంత్రము అచ్చువేసిన వని తోచునుగాని, ఇవి కుంచెపట్టి వేసినవి. డబ్బా అడుగంచున వరుసతీరిన చిన్న పువ్వుగుర్తులను చేతితో చేసికొన్న ముద్రతో అద్దెను; దగ్గఱకు పోయి చూచినచో అవి అన్నియు సమముగా పడలేదని తెలియును. పారిస్ పతకముమీద నుండవలసిన సన్నని బొమ్మలను, అక్షరములను వదలివేసి వట్టి పసుపుబిళ్లను నిలిపెను. గ్యాలరీ యజమాని ఇర్వింగ్ బ్లమ్ ఈ చిత్రములను గోడలవెంట సన్నని అరపై, దుకాణములో డబ్బాలు పేర్చినట్లు వరుసగా నిలిపెను. చూడవచ్చినవారు పరిహసించిరి. సమీపమున నున్న మఱియొక గ్యాలరీవారు నిజమైన డబ్బాలను కిటికీలో పేర్చి, మాయొద్ద చౌక యని చాటిరి. చిత్రము వెల 100 డాలర్లు; కోరినవారు నలుగురైదుగురు మాత్రమే. అన్నియు ఒక్కచోట నుండుటయే వాని కర్థమని గ్రహించిన బ్లమ్, మాట ఇచ్చినవారిని బతిమాలి ఆ చిత్రములను విడిపించుకొని, మొత్తము 32 చిత్రములను 1,000 డాలర్లకు, నెలకు నూఱు చొప్పున వాయిదాలు చెల్లించి తానే కొనెను. వార్‌హాల్ ప్రతిభను ఎందఱో పొగడిరి. ఆ చిత్రములను చెదరిపోనీయని బ్లమ్ వివేకమును పొగడవలసినంతగా పొగడలేదు. 1996లో న్యూయార్కు ఆధునికకళాసంగ్రహాలయము వానిని దాదాపు ఒకటిన్నర కోటి డాలర్ల విలువకు సంపాదించుకొనెను.

సూపు సంస్థవారు మొదట సందేహించినను, తరువాత లాభము గ్రహించిరి. 1964లో ఆ సంస్థ విక్రయాధికారి మెచ్చుకోలు లేఖ వ్రాసి టొమేటో సూపు పెట్టెలు కానుకగా పంపెను. కొంతకాలమునకు ఒక డాలరును, రెండు లేబుళ్లను పంపినవారికి డబ్బాబొమ్మలు అచ్చువేసిన కాగితపు గౌనును సంస్థయే పంపసాగెను. సరకునుండి చిత్రమునకు పోయిన బొమ్మ, చిత్రమునుండి మరల సరకునకు వచ్చి చేరెను.

ఫెరస్ ప్రదర్శనము ఆగస్టు 4వ తేదీన ముగిసెను. ఆ రాత్రియే, అదే నగరమున సినిమాతార మార్లిన్ మన్రో మరణించెను.

నార్మా జీన్ అను, అనాథవలె పెరిగిన యువతికి 1946లో ట్వంటియెత్ సెంచరీ ఫాక్స్ సంస్థవారు మార్లిన్ మన్రో యను క్రొత్త పేరు పెట్టిరి. జుట్టునకు బంగారు రంగు వచ్చెను. నవ్వు, చూపు, కనుఱెప్పల వాల్పు ఛాయాగ్రాహకుల దీపములయెదుట కుదురుకొన్నవి. ఆ కాలపు హాలీవుడ్ స్టూడియోలలో ప్రచారశాఖ యని ప్రత్యేకమొకటి యుండెను. ప్రతి చిత్రమునకును తారల ఛాయాచిత్రములు వందలకొలది తీయించి, మచ్చలు ముడుతలు దిద్ది, పత్రికలకు ఉచితముగా పంచుట దాని పని. 1953లో వచ్చిన నయాగరా చిత్రమునకై తీసిన అట్టి ప్రచారచిత్ర మొకదానిని వార్‌హాల్ సంపాదించెను. దానిని తీసినవాడు జీన్ కోర్న్‌మన్ అని చెప్పుదురు. మెడవఱకు కత్తిరించి, ముఖమును పెద్దదిగా చేసి, సిల్క్ స్క్రీన్‌మీదికి ఎక్కించెను. సన్నని వలవంటి గుడ్డను చట్రమునకు బిగించి, వెలుగు తాకినచోట గట్టిపడు పూత పూసి, ఛాయాచిత్రమును దానిపై దించి, రబ్బరు పలకతో సిరాను ఇవతలినుండి అవతలికి త్రోయుదురు. క్రింది గుడ్డపై ముఖము పడును. దుకాణపు ప్రకటనలు, బనీనులమీది అక్షరములు అచ్చువేయువారి విద్యయే యిది. ముందుగా పెదవులకు ఎఱుపు, ఱెప్పలపై నీలము, జుట్టునకు పసుపు పూసియుంచి, పైన నల్లని ముఖము నద్దగా, రంగు ఒకచోటను, రేఖ ఒకచోటను పడి, పెదవి పెదవినుండి జరిగినట్లగును. ఆ తొలగింపును అతడు సవరింపక విడిచెను. చవుక అచ్చులో వచ్చు ఆ దోషమే ఆ చిత్రములకు ప్రాణము.

యాబది ముఖముల జంటచిత్ర మొకటి నేడు లండను టేట్ సంగ్రహాలయమున నున్నది. ఎడమ భాగమున 25 ముఖములు రంగులలో. కుడి భాగమున 25 ముఖములు నలుపు తెలుపులలో, ఒకచోట సిరా అలికిపోయి, మఱియొకచోట పలుచనై, చివరి నిలువు వరుసలలో దాదాపు మాసిపోయి. ఇంకొక చిత్రమున విశాలమైన బంగారు రంగు నడుమ చిన్న ముఖ మొక్కటియే యున్నది. బాల్యమున వార్‌హాల్ తల్లితోడ పోయిన బైజాంటైన్ కాథలిక్కు దేవాలయమున గర్భాలయమునకు ముందు బంగారు పూతల సాధుమూర్తులు బారులుతీరియుండును. ఆ సంస్కారము ఇందు కలదని పలువురు విమర్శకులు అనిరి, నాకును అది యుక్తముగనే తోచును. అయితే అతడు సాధువునకు ఇచ్చు పీఠమును స్టూడియో ప్రచారశాఖవారి కాగితమునకు ఇచ్చెనని మఱవరాదు. అతడు మన్రోను చిత్రింపలేదు. లక్షలాది ప్రేక్షకులు మన్రో యనుకొన్న బొమ్మను చిత్రించెను. మరణవార్తతో నిండిన ఆ దినములలో ఆమె ముఖము ఎన్నెన్ని పత్రికలలో అచ్చుపడుచుండెనో, అంత అలవాటై, అంత దూరమై, ఆ ముఖము ఈ చిత్రములలో కనబడును. ఇంత జాలి గొలుపు చిత్రమును ఆ తరమువారిలో మఱియొకరు వేయలేదని నా నమ్మకము.

తక్కినవారిని గూర్చి క్లుప్తముగా చెప్పెదను. జేమ్స్ రోజెన్‌క్విస్ట్ టైమ్స్ స్క్వేరులో అంతస్తుల యెత్తున పరంజులపై నిలిచి ప్రకటనలు చిత్రించిన కూలి చిత్రకారుడు. మూరెడు దూరమునుండి చూచినపుడు బ్రహ్మాండమైన చెంప కేవలము రంగుమైదానముగా కనబడునను అనుభవమును అతడు తన సొంత చిత్రములలోనికి తెచ్చెను. ఎన్నికల ప్రకటనలోని కెన్నెడీ ముఖమును, కేకు ముక్కను, షెవ్రొలే మోటారు భాగమును ప్రక్కప్రక్కన నిలిపిన అతని చిత్రము, రాజకీయనాయకుడును సరకువలెనే అమ్ముడగుచున్నాడని మాటలేకుండ చెప్పెను. రాయ్ లికెన్‌స్టైన్ పిల్లల బొమ్మలకథల పుస్తకములనుండి చిత్రములు గ్రహించి, అచ్చులోని రంగుచుక్కలతో సహా పెద్దవి చేసెను. టేట్ సంగ్రహాలయము 1966లో కొన్న అతని విమానయుద్ధచిత్రమునకు ఆధారము ఇర్వ్ నోవిక్ అను చిత్రకారుడు గీచిన 1962 నాటి బొమ్మ. లికెన్‌స్టైన్ కూర్పును మార్చి బిగువు తెచ్చిన మాట నిజమే. కాని పుటకు ఇంత యని కూలి పుచ్చుకొని గీచిన నోవిక్ పేరు కళాచరిత్రలోనికి వచ్చుటకు చాలకాలము పట్టెను.

ఇంతకంటె బాధాకరమైన కథ జేమ్స్ హార్వేది. 1964 ఏప్రిలులో న్యూయార్కు స్టేబుల్ గ్యాలరీలో వార్‌హాల్ సరకుల పెట్టెల ప్రదర్శనము జరిపెను. వడ్రంగిచేత చెక్కపెట్టెలు చేయించి, రంగు వేయించి, ప్రక్కలను సిల్క్ స్క్రీన్ అద్ది, కెలాగ్స్, హైంజ్, డెల్ మాంటే అట్టపెట్టెలకు నకళ్లు తయారుచేసి, గిడ్డంగిలోవలె పేర్చెను. అన్నిటిలోను కన్నులను పట్టినవి బ్రిల్లో అను గిన్నెలు తోము సబ్బుపీచు పెట్టెలు. తెల్లని నేలపై పైనను క్రిందను అలలవలె సాగిన ఎఱ్ఱని పట్టీలు, నడుమ నదివలె పాఱు తెలుపు, పేరులో హల్లులు నీలము, అచ్చులు ఎఱుపు. అలసిన వంటింటికి నీటి చల్లదనమును, పండుగ ఉల్లాసమును ఒక్కసారిగా తెచ్చు కూర్పు అది. ఆ కూర్పు వార్‌హాల్‌ది కాదు. 1961లో దానిని రూపొందించినవాడు హార్వే. పగలు పెట్టెలకు లేబుళ్లకు నమూనాలు గీచి జీతము తెచ్చుకొనుచు, తీరిక దొరకినపుడు పెద్ద పెద్ద తైలవర్ణచిత్రములు వేయుచు, వానితోనే కీర్తి వచ్చునని ఆశించిన గంభీరచిత్రకారుడు. ప్రదర్శనము మొదటి సాయంకాలమున అతడును చూడబోయెను. తాను జీతమునకు గీచిన పెట్టె అక్కడ కళాఖండమై వందల డాలర్ల వెలతో అమ్మకమునకు నిలువగా, తాను ప్రాణము పెట్టి వేసిన చిత్రముల నడుగువారు అంతగా లేకపోయిరి. వ్యాజ్యము వేయలేదు. 1965లో, నలువదేండ్లు నిండకమునుపే మరణించెను.

ఆ ప్రదర్శనమును చూచిన ఆర్థర్ డాంటో అను తత్త్వశాస్త్రాచార్యుడు, కంటికి ఒక్కటిగా కనబడు రెండు వస్తువులలో ఒకటి కళ యగుటయు, రెండవది కాకపోవుటయు ఎట్లని ప్రశ్నించి, ఆ యేటనే సుప్రసిద్ధవ్యాసము వ్రాసెను. గొప్ప ప్రశ్నయే. కాని దుకాణములోని పెట్టెయు ఒక చిత్రకారుని కృతియే కదా, దానిని కళ కానిదాని వైపు నెట్టుట యెట్లు అను ప్రశ్న నాడు అంతగా వినబడలేదు. డాంటోయే చాలకాలము పిమ్మట హార్వే పనితనమును వివరముగా ప్రశంసించి ఆ లోటును కొంత తీర్చెను. 1965లో ఇవే పెట్టెలు కెనడా సరిహద్దు చేరినపుడు, ఆ దేశపు జాతీయకళాప్రదర్శనశాల అధ్యక్షుడు చార్లెస్ కంఫర్ట్ అవి శిల్పములు కావని తేల్చగా, సుంకపుటధికారులు వానిని సరకుగా నెంచి నూటికి ఇరువది వంతున పన్ను అడిగిరి. కళాభిమానులు ఆయనను ఎంతయో పరిహసించిరి.

1970ల నాటికి వార్‌హాల్ ధనవంతుల ముఖచిత్రములు వేయు వృత్తిలో స్థిరపడెను. చదరపు గుడ్డ, ప్రక్కకు 40 అంగుళములు. వెల 25,000 డాలర్లు. కూర్చున్నవారి ముఖమున తెల్లని పొడి దట్టముగా పూయించి, ముడుతలు కనబడకుండ పోలరాయిడ్ కెమెరాతో తీసి, ఆ పటమును స్క్రీన్‌మీదికి ఎక్కించును. హాలీవుడ్ ప్రచారశాఖ మన్రోకు చేసిన సేవయే, రుసుము చెల్లించినవారి కెల్లరకు ఇపుడు లభించెను. ఈ చిత్రములను నేను అంతగా మెచ్చుకొనజాలను. సూపు డబ్బాలలోని నిబ్బరము వీనిలో లేదు. 1987లో అతడు మరణించెను. 2022 మేలో అతని మన్రో చిత్ర మొకటి 19 కోట్ల 50 లక్షల డాలర్లకు వేలములో పోయెను.

మొదటి చేతికి న్యాయము ఒక్కసారి జరిగినది. లిన్ గోల్డ్‌స్మిత్ అను ఛాయాగ్రాహకురాలు 1981లో గాయకుడు ప్రిన్స్ పటము తీసెను. వానిటీ ఫెయిర్ పత్రిక 1984లో ఆమెకు 400 డాలర్లు చెల్లించి, వార్‌హాల్ చిత్రమునకు ఆధారముగా ఒక్కసారి వాడుకొనుటకు అనుమతి పొందెను. వార్‌హాల్ మాత్రము ఆ పటమునుండి చిత్రముల వరుసనే తీసెను. 2016లో ప్రిన్స్ మరణించినపుడు వానిలో ఒకటి పత్రికాముఖమున అచ్చుపడగా, వార్‌హాల్ పేరిటి నిధికి 10,000 డాలర్లు వచ్చెను. గోల్డ్‌స్మిత్‌కు ఒక్క డాలరును రాలేదు, ఆమె పేరును అచ్చుకాలేదు. వ్యాజ్యము అమెరికా సర్వోన్నతన్యాయస్థానమువఱకు పోయి, 2023 మే 18న ఏడుగురు న్యాయమూర్తులు ఆమె పక్షమునను, ఇద్దఱు ఎదుటిపక్షమునను నిలువగా ఆమెయే గెలిచెను. హార్వేకు అట్టి యదృష్టము పట్టలేదు. అతని కిప్పుడు న్యాయస్థానములు చేయగలదియు లేదు. ప్రదర్శనశాలలవారు చేయగలిగినది మాత్ర మొకటి కలదు. బ్రిల్లో పెట్టె ప్రక్కన గోడకు పెట్టు పరిచయపత్రములో, వార్‌హాల్ పేరు క్రింద జేమ్స్ హార్వే పేరును అచ్చువేయవలెను.